చిన్న గాటును గూర్చిన పెద్ద మాటలు

నడుము నొప్పి యెరుగని కుటుంబము మన దేశములో అరుదు. పొలములో నాట్లు వేయువారికి, లారీ నడుపువారికి, తరగతి గదిలో గంటల తరబడి నిలుచుండి పాఠము చెప్పు మావంటి వారికి అది పాత చుట్టమే. ఆ నొప్పి నడుముతో ఆగక, పిరుదు మీదుగా తొడ వెనుక నుండి పిక్కకు, ఒక్కొక్కప్పుడు కాలి బొటనవ్రేలి వరకు తీగ లాగినట్లు దిగుచున్నచో దానిని వైద్యులు సయాటికా అందురు. ఆయుర్వేద గ్రంథములలో దీనికి గృధ్రసి యని పేరు. రోగి కుంటుచు నడచు తీరు రాబందు నడకను పోలియుండుట వలన ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

ఈ బాధకు చేయు శస్త్రచికిత్సను గూర్చి ఇటీవల మన పట్టణములలో గోడల మీద, పత్రికల ఆరోగ్య పుటలలో, చేతిలోని ఫోనులో కూడ ప్రకటనలు విరివిగా కనబడుచున్నవి. "కీహోల్ సర్జరీ", "కుట్లు లేని ఆపరేషన్", "ఉదయము వచ్చి సాయంకాలము నడచి వెళ్ళవచ్చును" అను మాటలు వాటిలో తరచుగా ఉండును. ఈ మాటలు ఉత్త అబద్ధములు కావు. అంతర్దర్శిని, అనగా ఎండోస్కోపు, సహాయమున సుమారు 8 మిల్లీమీటర్ల గాటుతో వెన్నులోని డిస్కు ముక్కను తీసివేయుట నేడు నిజముగా జరుగుచున్నది. కాని ఆ మాటల వెనుక, చెప్పకయే చెప్పబడుచున్న వాదము ఒకటి ఉన్నది: గాటు ఎంత చిన్నదైన మేలు అంత పెద్దది యని. ఈ వాదమునకు ఆధారమేమి? దీనిని ఎవరైనను పరీక్షించినారా? పరీక్షించినచో ఏమి తేలినది? మన భాషలో ఈ విషయముపై వచ్చు వ్యాసములు చాల వరకు పనిముట్టును వర్ణించి, దానిని మెచ్చుకొని ముగించుచున్నవి. ఈ ప్రశ్న జోలికి పోవుట లేదు. నేను వైద్యుడను కాను, భౌతికశాస్త్రము బోధించువాడను. ఎవరికి ఏ ఆపరేషను చేయవలెనో చెప్పుట నా పని కాదు. ప్రచురింపబడిన పరీక్షల పట్టికలను చదివి, వాటిలోని అంకెలు ఆ ప్రకటనలను ఎంతవరకు బలపరచుచున్నవో చూచుట మాత్రము శాస్త్రము చదివినవారు ఎవరైనను చేయదగిన పనియే.

ముందుగా ఒక మాటను గూర్చి కొంత తగవు పెట్టుకొనవలసి యున్నది. మనవారందరును "డిస్కు జారినది" అందురు. డిస్కు అనగా రెండు వెన్నుపూసల మధ్యనుండు బిళ్ళ. పారిభాషిక పదకోశములలో దీనికి కశేరుకాంతర చక్రిక యని పేరు పెట్టినారు గాని, ఆ పేరు రోగి నోట గాని వైద్యుని నోట గాని వినబడదు. కాబట్టి డిస్కు అనియే అందము. వెన్నెముకలో ఇవి 23 ఉన్నవి. దీని నిర్మాణము తెలియుటకు తాటిముంజను తలచుకొనిన చాలును. పైన గట్టి పొర, లోపల నీటితో నిండిన గుజ్జు. అయితే డిస్కు పైపొర ముంజ తొక్క వలె ఒంటిపొర కాదు. ఏటవాలుగా, ఒకదానికొకటి ఎదురు దిక్కులలో పరచిన నారపొరలు అనేకము ఒకదాని చుట్టు ఒకటి ఉండును. ఈ నారలు పైపూసకును క్రిందిపూసకును గట్టిగా అతుకుకొని యున్నవి. కావున డిస్కు తడి సబ్బుబిళ్ళ వలె జారుటకు వీలులేదు. జరుగునది వేరు. నారపొరలలో చీలిక యేర్పడి, లోపలి గుజ్జు ఆ చీలిక గుండ వెనుకకు పొంగును, లేదా బయటపడును. సరిగా అక్కడనే కాలికి పోవు నాడి మూలము ఉన్నది. వెన్నుపాము మొదటి, రెండవ నడుము పూసల వద్దనే ముగియును. దాని క్రింద గుఱ్ఱపు తోక వలె వ్రేలాడునవి నాడులే. నడుము క్రిందివైపు రెండు డిస్కులు చీలుట మిక్కిలి సాధారణము. కనుకనే నొప్పి నడుములో పుట్టినను కాలిలో పలుకును.

"జారినది" అనుట వలన వచ్చిన నష్టమేమి? జారినదానిని మరల చోటికి నెట్టవలెనను భావము కలుగును. పిండి, త్రొక్కి, లాగి "డిస్కును ఎక్కించు" వారు మన ఊళ్ళలో ఉండుటకు ఈ మాట కొంత కారణము. శస్త్రచికిత్సలో కూడ దేనిని ఎక్కించుట జరుగదు. బయటికి వచ్చిన ముక్కను తీసివేయుట మాత్రమే జరుగును. రెండవ నష్టము ఇంతకంటె పెద్దది. జారినది తనంతట తాను వెనుకకు పోదు గదా యని రోగి భయపడును. నిజమునకు బయటపడిన గుజ్జును శరీరము క్రమముగా కరిగించి వేయగలదు. 2015లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారము, పూర్తిగా తెగి విడిపోయిన ముక్కలు 96 శాతము సందర్భములలోను, నారపొర దాటి వెలికి వచ్చినవి 70 శాతములోను తమంతట తామే తగ్గినవి. ఉత్తగా ఉబ్బిన డిస్కులలో 13 శాతమే తగ్గినవి. చూచుటకు భయంకరముగా కనబడు ముక్కయే ఎక్కువగా కరిగిపోవుట వింతగా తోచును. గుజ్జు నారపొర దాటి రక్తనాళములున్న చోటికి వచ్చినప్పుడు శరీరరక్షక కణములు దానిని పరాయి వస్తువుగా ఎంచి తినివేయుట ఇందుకు ముఖ్య కారణమని భావించుచున్నారు.

ఎం.ఆర్.ఐ. చిత్రమును చూచి హడలిపోవుట కూడ ఈ సందర్భముననే చెప్పవలెను. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఈ పరీక్ష చేసి చూచినారు. వారిలో 52 శాతము మందికి కనీసము ఒకచోట డిస్కు ఉబ్బి యున్నది. 27 శాతము మందికి ఒకవైపు పొడుచుకొని వచ్చినది. అన్ని డిస్కులును చక్కగా ఉన్నవారు 36 శాతమే. వీరందరును ఆరోగ్యవంతులు! మా ప్రయోగశాలలో పనిచేయు సహాయకుడు ఒకడు తన ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, "మూడుచోట్ల జారిందటండీ, పండగలోపు చేయించుకోమంటున్నారు" అని నాకు చూపినాడు. అతనికి నొప్పి ఉన్నది నడుములో, కాలిలో లేదు. డిస్కు ముక్కను తీయు ఆపరేషను ముఖ్యముగా కాలినొప్పికి పనిచేయును గాని ఒట్టి నడుము నొప్పికి కాదు. ఈ ఒక్క వాక్యము ఆ ప్రకటనలలో ఎక్కడను నాకు కనబడలేదు.

అట్లయిన ఆపరేషను ఎవరికి అవసరము? మూత్రము బిగిసిపోవుట, మలమూత్రములపై అదుపు తప్పుట, తొడల నడుమ జీను తగులు చోట స్పర్శ పోవుట, పాదము పైకి లేవకుండుట — ఇవి కనబడినచో ఆలోచనకు వ్యవధి లేదు, వెంటనే ఆసుపత్రికి పోవలెను. మిగిలినవారి విషయమై 2007లో నెదర్లాండ్సు వైద్యులు ప్రచురించిన పరీక్ష పేరుపొందినది. 6 నుండి 12 వారములుగా తీవ్రమైన కాలినొప్పితో ఉన్న 283 మందిని, చీటీలు తీసినట్లు, రెండు జట్లుగా విడదీసినారు. 141 మందికి త్వరగా ఆపరేషను. 142 మందికి మందులు, ఓపిక, తగ్గనిచో తరువాత ఆపరేషను. ఈ రెండవ జట్టులో 39 శాతము మంది ఏడాది లోపల ఆపరేషను చేయించుకొన్నారు. తక్కినవారికి కత్తి అవసరము కలుగలేదు. ఏడాది ముగియునప్పటికి రెండు జట్లలోను 95 శాతము మంది కోలుకొన్నామని చెప్పినారు. భేదమంతయు వేగములో ఉన్నది. మొదటి జట్టులో సగము మంది కోలుకొనుటకు 4 వారములు, రెండవదానిలో 12 వారములు పట్టినది. దీనిని పట్టుకొని "ఆపరేషను వ్యర్థము" అనుట కూడ తప్పు. నెల జీతము ఆగని ఉద్యోగికి ఆ 8 వారములు సెలవు కాగితము. రోజుకూలి మీద బ్రతుకువానికి అవి అప్పు. పైగా ఎంతకాలము ఆగవలెను అను ప్రశ్నకు హద్దు ఉన్నది. 2020లో కెనడాలో, 4 నుండి 12 నెలలుగా నొప్పి తగ్గని 128 మందిపై జరిగిన పరీక్షలో, ఆపరేషను జట్టువారి కాలినొప్పి ఆరు నెలల తరువాత 10కి 2.8 ఉండగా, ఆపరేషను లేని చికిత్సకు పంపిన జట్టువారిది 5.2 ఉన్నది. మొదటి వారములలో ఓర్పు, నెలలు గడచిన తరువాత కత్తి — ఈ రెండు పరీక్షలను కలిపి చదివిన తేలునది ఇది.

ఇక గాటు సంగతి. 1934లో అమెరికాలోని బోస్టను నగరమున మిక్స్టర్, బార్ అను ఇద్దరు వైద్యులు, అంతకుముందు గడ్డలుగా ఎంచబడుచున్న వస్తువులు నిజమునకు చీలిన డిస్కు ముక్కలని 19 మంది రోగుల వృత్తాంతముతో నిరూపించినారు. ఆ కాలపు ఆపరేషనులో గాటు జేనెడు. కండరములను ఎముక నుండి విడదీసి, పూస వెనుకభాగమును చాలవరకు తొలగించి గాని ముక్కను చేరలేకుండిరి. 1977లో యాసర్గిల్, కాస్పర్ అను వైద్యులు విడివిడిగా సూక్ష్మదర్శిని క్రింద ఈ పని చేయు పద్ధతిని ప్రకటించినారు. సూక్ష్మదర్శిని వెలుతురును వైశాల్యమును రెంటిని ఇచ్చుటచే గాటు 2, 3 సెంటీమీటర్లకు దిగివచ్చినది. నేడు "ఓపెన్" అని కొంత చులకనగా పిలువబడుచున్న ఆపరేషను ఇదియే. ప్రకటనలు తమ చిన్నగాటును పోల్చునది దీనితో కాదు, 1934 నాటి జేనెడు గాటుతో. పాఠకులు గమనింపవలసిన మొదటి చమత్కారము ఇది.

గాటు చిన్నదగుటయే గొప్ప యైనచో పందెము ఎప్పుడో ముగిసియుండవలసినది. ఆ కథలో మన పెరటి చెట్టు ఒకటి వచ్చును. పచ్చి బొప్పాయి ముక్క వేసిన మాంసము త్వరగా మెత్తబడునని మన వంటవారికి తెలియును. కాయ పాలలోని పపెయిన్, కైమోపపెయిన్ అను ఎంజైములు మాంసకృత్తులను తునుకలు చేయుటయే దీనికి కారణము. 1956లో లూయిస్ థామస్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు పపెయినును కుందేళ్ళ రక్తములోనికి ఎక్కించగా, నిటారుగా నుండు వాటి చెవులు వడలిన ఆకుల వలె వ్రేలాడినవి. కొన్ని దినములకు మరల నిలిచినవి. చెవిలోని మృదులాస్థి పట్టు సడలి, తరువాత తిరిగి కూడుకొనినదన్నమాట. డిస్కు గుజ్జు కూడ ఇట్టి పదార్థమే గదా యని లైమన్ స్మిత్ అను వైద్యుడు కైమోపపెయినును సూదితో డిస్కులోనికి ఎక్కించి, 1964లో ఫలితములు ప్రకటించినాడు. ఒక్క సూదిపోటు! ఇంతకంటె చిన్న గాటు ఉండబోదు. మందు పనిచేయకపోలేదు, ఉత్త ద్రవమును ఎక్కించిన వారితో పోల్చి చూచిన పరీక్షలలో అది నెగ్గినది. 1982లో అమెరికా ప్రభుత్వము అనుమతి కూడ ఇచ్చినది. కాని కొందరికి ఆ మందు పడక ప్రాణాపాయమైన ఎలర్జీ కలిగినది. అరుదుగా కొందరికి వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయినవి. 2003 నాటికి అమెరికాలో దాని అమ్మకము ఆగిపోయినది. వేరొక ఎంజైముతో ఇదే పద్ధతిని 2018లో జపాను మరల అనుమతించినది. చర్మముపై రంధ్రము ఎంత అనునది ఒక లెక్క, లోపల ఏమి జరుగుచున్నది అనునది వేరొక లెక్క అని ఈ కథ చెప్పినంత స్పష్టముగా మరేదియు చెప్పదు.

అంతర్దర్శిని విషయమున నాకు కొంత పక్షపాతము ఉన్నదని ముందే చెప్పుకొందును. అది కాంతిశాస్త్రపు సొగసైన ఫలములలో ఒకటి. పాత అంతర్దర్శినులు పొడవైన గొట్టములో చిన్న చిన్న కటకములను దూరదూరముగా అమర్చి చేసినవి. మధ్యనంతయు గాలి. గాజు, గాలి కలియు ప్రతి తలము వద్దను సుమారు 4 శాతము కాంతి వెనుకకు మరలిపోవును. కొన్ని కటకములు దాటునప్పటికి బొమ్మ మసకబారును. ఇంగ్లండులోని హెరాల్డ్ హాప్కిన్స్ ఈ అమరికను తలక్రిందులు చేసినాడు. గొట్టమును పొడవైన గాజు కడ్డీలతో నింపి, వాటి మధ్య నుండు సన్నని గాలి ఖాళీలనే కటకములుగా వాడుకొన్నాడు. తలములపై కాంతిని మరలనీయని పూతలు కూడ తోడైనవి. గొట్టము సన్నబడినను బొమ్మ వెలుగుతో నిండినది. ఇదే హాప్కిన్సు, పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీతో కలిసి, 1954లో సన్నని గాజునారల కట్ట గుండ బొమ్మను పంపవచ్చునని నేచర్ పత్రికలో ప్రకటించినాడు. నేటి వెన్ను అంతర్దర్శినిలో ఈ రెండును ఇమిడి యున్నవి: గాజునారలు దీపపు వెలుతురును లోనికి తీసికొనిపోవును, గాజు కడ్డీలు బొమ్మను బయటికి తెచ్చును. మొత్తము గొట్టపు వ్యాసము 6, 7 మిల్లీమీటర్లు. అందులోనే ఉప్పునీరు పారు దారి, పట్టుకారు పోవు దారి కూడ ఉండును.

దారి వెదకుట మరియొక కథ. 1975లో జపానులో హిజికాటా అను వైద్యుడు వీపు ప్రక్క నుండి సన్నని గొట్టమును డిస్కులోనికి పంపి గుజ్జు తీసినాడు. అమెరికాలో పర్వీజ్ కాంబిన్ అను వైద్యుడు నాడికి తగులకుండ గొట్టము పోగల త్రికోణాకారపు చోటును గుర్తించినాడు. ఆ త్రికోణమునకు నేడు అతని పేరే. దాని ఒక భుజము నాడి మూలమే యగుట గమనింపదగినది. కావున రోగిని సాధారణముగా పూర్తిగా నిద్రపుచ్చరు. గొట్టము నాడిని తాకినచో అతడే "అబ్బా" అని చెప్పవలెను. మాటిమాటికి ఎక్స్‌రేతో దారి చూచుకొనుచు పోవలెను. ఇంకొక శాఖవారు వెనుక నుండియే, కండరమును కోయక, ఒకదానికంటె ఒకటి లావైన గొట్టములతో క్రమముగా ఎడముచేసి, ఆ గొట్టము గుండ పనిచేయు పద్ధతిని 1997 ప్రాంతమున రూపొందించినారు. కోసినదానికంటె ఎడముచేసిన కండరము త్వరగా మానుననుట తర్కమునకు ఎంతో సబబుగా తోచును.

తర్కమునకు సబబైనది ప్రయోగమున నిలుచునా? 2009లో నెదర్లాండ్సువారే దీనిని పరీక్షించినారు. 328 మంది రోగులు. సగము మందికి గొట్టము, సగము మందికి మామూలు సూక్ష్మదర్శిని పద్ధతి. ఈ పరీక్షలో మెచ్చదగినది ఏమనగా, తనకు ఏది జరిగినదో రోగికి తెలియదు. తరువాత వచ్చి నొప్పిని కొలిచినవారికిని తెలియదు. ఏడాది తరువాత బాగుగా కోలుకొన్నామన్నవారు గొట్టపు జట్టులో 69 శాతము, మామూలు జట్టులో 79 శాతము. కాలినొప్పిని 100 మిల్లీమీటర్ల గీతపై గుర్తింపుమనగా గొట్టపు జట్టువారి నొప్పియే సగటున 4.2 మిల్లీమీటర్లు ఎక్కువ తేలినది. అదే బృందము కొందరు రోగుల రక్తములో కండరము దెబ్బతినినప్పుడు పెరుగు ఎంజైమును కొలిచి, ఎం.ఆర్.ఐ.తో వెన్ను కండరములను చూచి, 2011లో ఆ ఫలితమును కూడ ప్రకటించినది: గొట్టము వలన కండరమునకు హాని తగ్గినదనుటకు ఆధారము దొరకలేదు. అనగా వాదపు మెట్టుమెట్టును పరీక్షించి చూడగా మొదటి మెట్టే కదలినది. 2014లో 11 పరీక్షలను, మొత్తము 1,172 మంది రోగులను ఒకచోట చేర్చి చూచిన కాక్రేన్ సమీక్ష కూడ, చిన్నగాటు పద్ధతులు కాలినొప్పి విషయమున కొంచెము వెనుకబడియే ఉండవచ్చునని, ఆ తేడా స్వల్పమని తేల్చినది.

ఇంతటితో ముగించినచో ఇది అంతర్దర్శినిపై దండయాత్ర యగును. అది న్యాయము కాదు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నలు మరియొక డచ్చి పరీక్షను ప్రచురించినది. వీపు ప్రక్క దారిన 8 మిల్లీమీటర్ల గాటుతో చేయు అంతర్దర్శిని ఆపరేషనును మామూలు సూక్ష్మదర్శిని ఆపరేషనుతో పోల్చిన పెద్ద పరీక్ష ఇది. 613 మంది పాల్గొన్నారు. ఆ దేశమున ఈ ఆపరేషనుకు ప్రజల సొమ్ము చెల్లింపవలెనా వద్దా అను ప్రశ్న నుండి ఈ పరీక్ష పుట్టినది. ముందు ఋజువు, తరువాత ఖర్చు అను ఆ పద్ధతిని నేను మెచ్చుకొందును. పరీక్ష వేసిన ప్రశ్నను శ్రద్ధగా చదువవలెను. "అంతర్దర్శిని మేలైనదా?" అని అడుగలేదు, "తీసిపోదు గదా?" అని అడిగినారు. నూరింట 5 పాళ్ళకు మించి వెనుకబడకున్న చాలునని ముందే హద్దు గీచినారు. ఫలితము హద్దును సులువుగా దాటినది. ఏడాది తరువాత కాలినొప్పి మధ్యస్థ విలువ అంతర్దర్శిని జట్టులో 7, మామూలు జట్టులో 16. గణించిన తేడా 7.1, అదియు అంతర్దర్శిని పక్షముననే. రక్తస్రావము తక్కువ, ఆసుపత్రిలో ఉండవలసిన కాలము తక్కువ, లేచి నడచుట త్వరగా. "సాయంకాలము నడచి వెళ్ళవచ్చును" అను ప్రకటనకు ఇందులో ఆధారము ఉన్నది. ఆ మేరకు దానిని అంగీకరింపవలెను.

కాని 2009 నాటి 4.2 తేడాను "ఇది రోగికి తెలియనంత చిన్నది" అని త్రోసిపుచ్చిన చిన్నగాటు పక్షమువారు 2022 నాటి 7.1ని విజయమని చాటుట తూకపురాళ్ళను మార్చుటయే. రెండును నూరింట కొద్ది పాళ్ళే. పైగా రెండవ పరీక్షలో రోగికి తనకు ఏది జరిగినదో తెలియును. కొత్త పనిముట్టు తన వంతుకు వచ్చినదని తెలిసినవాడు, పాత పద్ధతే దక్కినదని తెలిసినవాడు తమ నొప్పిని ఒకే విధముగా గుర్తింతురనుకొనుట కష్టము. నొప్పికి ఉష్ణమాపకము లేదు. రోగి మాటయే కొలత. గొట్టపు పరీక్ష ఈ పొరపాటుకు చోటివ్వలేదు. అంతర్దర్శిని పరీక్ష ఇచ్చినది. కావున నా తీర్పు ఇది: అంతర్దర్శిని తీసిపోదనుట స్థిరపడినది, మించినదనుట ఇంకను ఋజువు కావలసి యున్నది. ఇక కాంతినే కత్తిగా చేసి, సూది గుండ లేసరు కిరణముతో గుజ్జును ఆవిరిచేయు పద్ధతి, గాటు లెక్కన అంతర్దర్శినిని కూడ ఓడించునది, 2015 నాటి పరీక్షలో మొదటి ఏడాదిలోనే 38 శాతము మందికి రెండవ ఆపరేషను తెచ్చిపెట్టినది. మామూలు పద్ధతిలో ఆ సంఖ్య 16. "లేసర్" అను మాటకు మన పత్రికలు ఇచ్చు గౌరవమును చూచినప్పుడు ఈ అంకె గుర్తునకు వచ్చును.

2022 నాటి పట్టికలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపినది ఫలితముల వరుస కాదు, అంతకు పైన ఉన్న లెక్క. 613 మందిలో చీటీ పద్ధతిన అంతర్దర్శినికి వచ్చినవారు 179, మామూలు ఆపరేషనుకు వచ్చినవారు 309. కూడిన 488 అగును. మిగిలిన 125 మంది ఎవరు? వారికి కూడ అంతర్దర్శినితోనే ఆపరేషను జరిగినది. కాని వారు, అంతకుముందు ఈ పద్ధతి ఎరుగని శస్త్రవైద్యులు చేయి తిరుగుటకు చేసిన తొలి ఆపరేషనుల వారు. అందుచే ముఖ్యమైన పోలికలో వారిని చేర్చలేదు. దీనిలో మోసమేమియు లేదు. పరిశోధకులు దాచక వ్రాసినారు, చేయి తిరిగిన వైద్యుల పనినే పోల్చదలచితిమన్నారు. ఒక పద్ధతి శక్తి ఎంతయో తెలియుటకు అది సరియైన మార్గమే. కాని ఊరిలో ఆసుపత్రికి పోవు రోగి "పద్ధతి" వద్దకు పోవుట లేదు, ఒక వైద్యుని వద్దకు పోవుచున్నాడు. ఆ వైద్యుడు 179 వైపు ఉన్నాడా, 125 వైపు ఉన్నాడా అనునది ఆ రోగికి గాటు పొడవుకంటె ముఖ్యము. సూక్ష్మదర్శిని ఆపరేషనును ఏండ్ల తరబడి చేసి చేయి పండిన వైద్యుని చేత 3 సెంటీమీటర్ల గాటు పెట్టించుకొనుట, కొత్తగా నేర్చుచున్నవాని చేత 8 మిల్లీమీటర్ల గాటు పెట్టించుకొనుటకంటె మేలా కాదా? ఈ ప్రశ్నకు ఆ పరీక్ష సమాధానము చెప్పదు. దానిని చెప్పుమని అడుగనే లేదు. ప్రకటనలు సరేసరి.

నేర్చుకొనుచున్న వైద్యుడు దోషి యని నా భావము కాదు. ఎవరో ఒకరు తొలి రోగి కాకుండ ఏ విద్యయు రాదు. నేడు పాతదైన సూక్ష్మదర్శినికి కూడ 1977లో తొలి రోగులు ఉండిరి. పెద్ద వైద్యుడు ప్రక్కన నిలుచుండి నేర్పుట, రోగికి సంగతి చెప్పి ఒప్పుదల తీసికొనుట, జరిగినవన్నియు, చెడినవి కూడ, ఒక పుస్తకములో ఎక్కించుట — ఆ 125 మంది పేర్లు పట్టికలో విడిగా ఉండుటకు ఈ క్రమశిక్షణయే కారణము. మన ఆరోగ్య పుటలలో వ్రాయువారు అంతర్దర్శిని బొమ్మ వేసి, గాటు కొలత చెప్పి ఊరకుండక, ఇంకొక రెండు వాక్యములకు చోటు ఇచ్చినచో బాగుండును: ఈ ఆపరేషను కాలినొప్పికి గాని ఒట్టి నడుము నొప్పికి కాదని ఒకటి, సంతకము పెట్టు ముందు "అయ్యా, ఈ గొట్టముతో ఇంతవరకు మీరు ఎన్ని చేసినారు, అందులో ఎందరికి మరల చేయవలసి వచ్చినది?" అని రోగి గాని, అతని తరపున వచ్చిన బావమరిది గాని అడుగవచ్చునని రెండవది. మా సహాయకునికి ఈ రెండు వాక్యములును తెల్లకాగితము మీద వ్రాసి ఇచ్చితిని. మొదటి వాక్యము చదివిన తరువాత రెండవదాని అవసరము అతనికి కలుగలేదు.